మీ నాన్న గురించి మళ్ళీ రాయి

చిరంజీవి పెద్దబ్బాయికి,
అత్తయ్య ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన కాగితాలు అందాయి. నాన్న సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేయిస్తున్నావనీ, ముందు పెట్టడానికి రెండు పేజీలు రాశావనీ, తప్పులుంటే దిద్దమనీ అడిగావు. 31 ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పినదాన్ని కదా, ఎర్రసిరా పెన్ను పట్టుకునే కూర్చున్నాను. అక్షరదోషాలు రెండే ఉన్నాయి. అయినా ఆ రెండు పేజీలూ నాకు నచ్చలేదురా. ఫోన్లో చెబితే నువ్వు నొచ్చుకుంటావు, నేనూ మధ్యలో ఏడుస్తాను. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నీ కాగితంలో నాన్న ప్రేమమూర్తి, త్యాగధనుడు, నిరాడంబరుడు, క్రమశిక్షణకు మారుపేరు. అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఆ పేజీల్లో పేరు కొట్టేసి పక్కవీధి పెద్దమనిషి పేరు రాస్తే ఆయనకీ అచ్చంగా సరిపోతుంది. అమలాపురం వెళ్ళినప్పుడల్లా రోడ్డు పక్క ఫ్లెక్సీలు చూస్తాను. పోయినవాళ్ళందరూ తామరపువ్వుల మధ్య నిలబడి అవే మాటల కింద నవ్వుతుంటారు. నా తమ్ముడు ఆ వరసలో కలిసిపోవడం నాకు ఇష్టం లేదు.

ఇంకోటి. నీ రెండు పేజీల్లో ‘లస్కరు’ అన్న మాట ఒక్కసారి కూడా లేదు. ‘నీటిపారుదల శాఖలో ఉద్యోగిగా సేవలందించారు’ అని ఉంది. సిగ్గుపడి అలా రాశావని నేను అనుకోను. స్కూలు ఫారాల్లో, కాలేజీ ఫారాల్లో తండ్రి ఉద్యోగం దగ్గర అలా రాసి రాసి చెయ్యి అలవాటుపడింది. కానీ హైదరాబాదులో పుట్టిన నీ పిల్లలకు లస్కరంటే ఏమిటో తెలియదు. తాతయ్య ఏం చేసేవాడో తెలియకుండా తాతయ్య గొప్పవాడని వాళ్ళు ఎలా నమ్ముతారు? ముందు అది రాయి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట కట్టాడనీ, దాని స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ వచ్చిందనీ, అక్కణ్ణుంచి మధ్య డెల్టా ప్రధాన కాలువ బయల్దేరి లొల్ల లాకుల దగ్గర పాయలుగా విడిపోయి కోనసీమంతా అల్లుకుంటుందనీ రాయి. పెద్దకాలువ నుంచి పిల్లకాలువకీ, పిల్లకాలువ నుంచి తూముకీ, తూము నుంచి బోదెకీ నీళ్ళు దిగుతాయి. పైన ఇంజనీర్లు లెక్కలు వేస్తారు. కింద ఆ తూము తలుపు దగ్గర చలిలో, వానలో నిలబడి దాన్ని ఎత్తేదీ దించేదీ లస్కరు. గుర్రపుడెక్క పేరుకుంటే మొలలోతు నీళ్ళలో దిగి లాగేదీ, రాత్రిపూట ఎవరూ దొంగతనంగా తలుపు ఎత్తకుండా కాపలా కాసేదీ, గేజి మీద నీటిమట్టం చూసి పైకి కబురు పంపేదీ అతనే. మూడు బ్యాటరీల ఎవరెడీ టార్చిలైటు, చేతికర్ర, ఖాకీ చొక్కా, తలకి తువ్వాలు. ఇది మీ నాన్న. ప్రేమమూర్తి అన్నాక నా కళ్ళకి ఎవరూ కనబడలేదు. ఈ నాలుగు వస్తువులూ రాస్తుంటే మాత్రం సైకిలు స్టాండు వేసిన చప్పుడు వినిపిస్తోంది.

పదకొండో రోజు గుర్తు చేసుకో. నువ్వు వంటవాళ్ళతోనూ టెంటువాళ్ళతోనూ తిరుగుతున్నావు, నీ తప్పేం లేదు. మధ్యాహ్నం రెండు ఆటోల్లో తొమ్మిదిమంది దిగారు. నీకు మొహం తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. గేటు దగ్గరే నిలబడ్డారు, లోపలికి రమ్మన్నా మొహమాటపడ్డారు. నువ్వు చేతులు జోడించి, ‘భోజనం చేసి వెళ్ళండి’ అని మళ్ళీ పనిలో పడ్డావు. వాళ్ళు ఎవరో నాకు తెలుసు. శివారు రైతులు. కాలువ చిట్టచివర, ఉప్పునేల అంచున ఎకరమో అరెకరమో ఉన్నవాళ్ళు. వాళ్ళలో 80 దాటిన పెద్దాయన ఒకరు నా దగ్గరకొచ్చి, ‘అక్కగారూ, మా వంతు నీళ్ళు మాకొచ్చేయండి, ఆయ్’ అన్నాడు. అంతే అని వెళ్ళి పంక్తిలో కూర్చున్నాడు.

ఆ మాట వెనక ఉన్న కథ నీకు తెలియదు. మీ నాన్న ఎవరికీ చెప్పుకోలేదు. నేనూ చెప్పలేదు, ఎందుకంటే అందులో తప్పు నాది. ఇప్పుడు రాస్తున్నాను, నీ పుస్తకంలో వేసుకో.

నువ్వు అప్పటికి కాకినాడలో చదువుకుంటున్నావు. ఆ ఏడు వానలు తక్కువై గోదావరి సన్నబడిపోయింది. మన దాళ్వా పంట ఎప్పుడూ సీలేరు నుంచి వదిలే నీళ్ళ మీద సగం ఆధారపడి ఉంటుంది కదా, ఆ ఏడు మరీనూ. వంతులు పెట్టారు. కాలువ మొదట్లో ఉన్నవాళ్ళకి అయిదు రోజులు, శివారుకి అయిదు రోజులు. మీ మావయ్య చేను మొదట్లో ఉంది, తూముకి ఇవతల. ఫిబ్రవరి చివర, చేను పొట్ట మీదుంది. ఆ పది రోజులూ నీళ్ళు అందకపోతే కంకి తాలుపోతుందని నీకూ తెలుసు. మా వంతు అయిదోరోజు సాయంత్రానికి అయిపోతుంది. సగం చేను తడిసింది, సగం తడవలేదు. మీ మావయ్య నోరు తెరిచి బావమరిదిని అడగలేడు. నన్ను పంపించాడు.

నేను చేపల పులుసు గిన్నెలో పెట్టుకుని, మూత మీద అన్నం పొట్లం పెట్టుకుని తూము దగ్గరకి వెళ్ళాను. చీకటి పడుతోంది. మీ నాన్న గట్టు మీద కూర్చుని ఉన్నాడు. తిను అన్నాను. తిన్నాడు. ముల్లు కూడా వదలకుండా తిన్నాడు, పొద్దుటి నుంచీ ఏం తినలేదని అప్పుడు తెలిసింది. అప్పుడు అడిగాను, ‘తమ్ముడూ, ఈ ఒక్క రాత్రికీ తలుపు దించకురా. తెల్లారి దించు. ఎవరికి తెలుస్తుంది?’ అని. వాడు గిన్నె కాలువలో తోమాడు, రెండుసార్లు తొలిచాడు, తడి తువ్వాలుతో తుడిచి నా చేతికిచ్చాడు. ‘ఇయ్యాల రాత్రి నుంచీ శివారు వంతక్కా’ అన్నాడు. నా ఎదురుగానే తలుపు దించాడు.

దించాక ఒక్క మాట కూడా సర్దిచెప్పలేదు. టార్చిలైటు వేసి నన్ను రోడ్డు దాకా దిగబెట్టాడు. మాకు ఆ పంటకి ఎకరానికి నాలుగైదు బస్తాలు తగ్గాయి. మీ మావయ్య ఏడాదిపాటు మీ గుమ్మం తొక్కలేదు. నేనూ మాట్లాడలేదు. మాట్లాడకపోతే పుట్టింటి మీద పంతం నెగ్గుతుందనుకున్నాను. వాడు మాత్రం నెలకోసారి వచ్చేవాడు. సైకిలు గేటుకి ఆనించి, నాలుగు కొబ్బరికాయలు అరుగు మీద పెట్టి, ‘ఎలాగున్నావక్కా’ అని, నేను జవాబు చెప్పకపోతే రెండు నిమిషాలు కూర్చుని వెళ్ళిపోయేవాడు. పన్నెండు నెలలు అలా వచ్చాడు. పదమూడో నెల నేను మజ్జిగ ఇచ్చాను.

‘క్రమశిక్షణకు మారుపేరు’ అని నువ్వు రాసింది ఇదేరా. కానీ ఈ సంగతి చెప్పకుండా ఆ మాట రాస్తే అది ఖాళీ కుండ. ఈ సంగతి చెప్పాక ఆ మాట అక్కర్లేదు.

ఇక 1986 సంగతి. నీ కాగితంలో అది లేదు. ఎందుకు లేదో నాకు తెలుసు. నీకు ఏడేళ్ళు, చెల్లికి నాలుగు. ఆ ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీళ్ళు వచ్చాయి. ఇప్పుడు 17 లక్షలకే మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తున్నారు, దానికి రెండింతలనుకో. ఏటిగట్లు చాలాచోట్ల తెగాయి. మీ నాన్న గట్టు మీద ఇసుకబస్తాల పనిలో ఉన్నాడు. ఇంట్లోకి నీళ్ళొస్తే మీ అమ్మ చెల్లిని చంకనేసుకుని, నిన్ను చేత్తో పట్టుకుని, బియ్యపు మూట నెత్తిన పెట్టుకుని స్కూలు మేడ మీదకి చేర్చింది. మీ నాన్న వెళ్ళేముందు గొడ్ల పలుపులు విప్పేసి వెళ్ళాడు, అవి ఈదుకుని బతుకుతాయని. నిన్ను లేపి చెప్పలేదు. మూడు రోజులు రాలేదు. గొడ్లు గుర్తొచ్చాయి గానీ మేము గుర్తురాలేదని నీకు పెద్దయ్యేదాకా కోపం ఉండేది. ఇంటర్లో ఉన్నప్పుడు ఒకసారి నా దగ్గరే అన్నావు.

దాన్ని నేను సమర్థించను. గట్టు మీద ఊరంతా ఉంది. ఒక్క గంట కళ్ళుగప్పి వచ్చి పిల్లల్ని చూసి వెళ్ళినా ఏమీ ములిగిపోయేది కాదు. మీ అమ్మ ఆ మాట నాతో ఎన్నోసార్లు అంది, ఇప్పటికీ అంటుంది. ఆవిడ కోపం న్యాయమైంది. కానీ ఆ వరద తీసిన నెలకి మీ నాన్న మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని ఏమన్నాడో రాస్తాను. ‘ఆ మూడు రోజులూ పిల్లలు గుర్తు రాలేదక్కా. ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. నీళ్ళు తీశాక అది తెలిసి భయమేసింది’ అన్నాడు. వాడు అంతకుముందుగానీ ఆ తర్వాతగానీ నాతో భయమన్న మాట వాడలేదు.

ఆ ఏడు దసరా సెలవులయ్యాక మీ చెల్లికి జడలు వేయడం మీ నాన్న మొదలుపెట్టాడు. రాత్రి కాపలా చేసి తెల్లారి కాలువలో కాళ్ళు కడుక్కుని వచ్చి, అరుగు మీద కూర్చుని, దాన్ని మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, కొబ్బరినూనె రాసి రెండు జడలు వేసి ఎర్ర రిబ్బను మడిచి కట్టేవాడు. అప్పటిదాకా ఆ పని మీ అమ్మదే. మొదట్లో ఒక జడ పైకీ ఒకటి కిందకీ వచ్చేవి. స్కూల్లో పిల్లలు నవ్వారని అది ఏడ్చింది. మానలేదు, నేర్చుకున్నాడు. అది పదో తరగతి దాకా ఆ జడలతోనే వెళ్ళింది. వరదకీ ఈ జడలకీ సంబంధం ఉందని వాడు నాతో చెప్పలేదు. ఉందని నేను నమ్ముతున్నాను. చెల్లినడిగి ఈ ముక్క దాని చేత రాయించు. నీకంటే అదే బాగా రాస్తుంది.

నీకు ఈత నేర్పించింది రాయి. రెండు ఎండు కొబ్బరికాయలు పీచుతో సహా తాడుతో జతకట్టి నీ చంకల కిందకి వేసి కాలువలో వదిలాడు. పదిరోజుల తర్వాత ఒక కాయ తీసేశాడు. తర్వాత రెండోది. లాకు తలుపుల దగ్గరకి వెళ్ళొద్దని చెప్పినా నువ్వు నీ జట్టుతో పోటీపడి లాకు మీంచి దూకితే, నిన్ను ఒడ్డుకు లాగి చింతబరికెతో కొట్టాడు. పిక్కలు కమిలిపోయాయి. ఆ దెబ్బలూ రాయి. లాకు కింద సుడిలో పడిన శవాల్ని తీసిన చేతులవి, అందుకే అంత గట్టిగా కొట్టాయి. పోయినవాణ్ణి దేవుణ్ణి చేస్తే ఆయనకి దూరమయ్యేది మనమే. దేవుడికి జడలు వేయడం చేతకాకపోవడం ఉండదు, కొడుకుని కొట్టి రాత్రి నిద్రపోతున్న వాడి పిక్కలకి వెన్నపూస రాయడం ఉండదు. ఆ వెన్నపూస సంగతి నీకు తెలియదు కదూ. మీ అమ్మనడుగు.

అమ్మనడుగు అన్నాను కాబట్టి అదెలాగో చెబుతాను. పోయిన నెల నువ్వు ఫోను రికార్డరు ఆన్‌చేసి ఆవిడ ఎదురుగా పెట్టి, ‘నాన్న గురించి చెప్పమ్మా’ అన్నావట. ఆవిడ, ‘మంచాయన’ అని ఊరుకుందట. మరేం చెబుతుంది? 48 ఏళ్ళ కాపురం అలా అడిగితే ఎక్కణ్ణుంచి మొదలుపెడుతుంది? వచ్చినప్పుడు ఒక పనసకాయ కొనుక్కురా. పొట్టు కొట్టమను. కత్తిపీట దగ్గర ఆవిడ పక్కన నువ్వూ కూర్చుని ఆవాలు నూరిపెట్టు. ఆయనకి ఆవ ఎక్కువుండాలా తక్కువుండాలా అని అడుగు. అక్కణ్ణుంచి అదే వస్తుంది. మధ్యలో తిడుతుంది, తిట్టనియ్యి. జీతం ఆలస్యమైన నెలల్లో పుస్తెలతాడు ఎక్కడ పెట్టిందో చెబుతుంది. 1996 నవంబరు తుఫాను రాత్రి పెరట్లో కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి పడిపోతుంటే మీ నాన్న పొయ్యి పక్కన కూర్చుని వాటి లెక్క పెట్టాడట. అందులో మూడు ఆయన పెళ్ళినాడు నాటినవట. ఆ మూడింటి దగ్గర లెక్క ఆపేశాడట. ఇది ఆవిడ నాకు చెప్పింది, నీకింకా చెప్పలేదు. ఆవిడకి 70 దాటాయి నాన్నా. రాసుకోవాల్సింది ఇప్పుడే.

డొక్కా సీతమ్మగారు 1909లో పోయారు. నూరేళ్ళు దాటింది. మన లంకల్లో ఎవరినడిగినా, వేళకాని వేళ తలుపు తట్టినవాళ్ళకి అన్నం పెట్టిందని చెబుతారు. ఒక్క పని, ఒక్క క్రియాపదం. గన్నవరం అక్విడెక్టుకి ఆవిడ పేరే పెట్టారు, వైనతేయ మీదుగా అవతలి లంకలకి నీళ్ళు మోసే వంతెనకి. కాటన్ దొర పుట్టినరోజు మే 15న ఊరూరా ఆయన విగ్రహానికి రైతులు దండలు వేస్తారు. ఆయన మహాశయుడని కాదు, నీళ్ళు తెచ్చాడని. మనవాళ్ళు మనిషిని చేసిన పనితోనే గుర్తుపెట్టుకుంటారు. మీ నాన్నకి విగ్రహం అక్కర్లేదు, వంతెన అక్కర్లేదు. వంతు తప్పకుండా తూము దించాడు, తూము ఎత్తాడు. ఆ రెండు క్రియలూ పుస్తకంలో ఉండాలి.

ఒక్క విషయం నేను సరిగా పట్టించుకోలేకపోయాను, అదీ రాస్తాను. వాడు 2011లో 60 ఏళ్ళు నిండి రిటైరయ్యాడు. ఆ సార్వాకే మన కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు లేక, ముంపు నీరు దిగక, విసిగి ఊడ్పులు మానేశారు. దండ వేసి శాలువా కప్పి పంపించిన మర్నాడు కూడా మీ నాన్న సైకిలు మీద తూము దగ్గరకి వెళ్ళాడు. కాలువ నిండా నీళ్ళున్నాయి, అటూ ఇటూ చేలు బీళ్ళు. వచ్చి, ‘నీళ్ళున్నాయి, నారు లేదక్కా’ అన్నాడు. జ్వరం వచ్చినవాడిలా వారం పడుకున్నాడు. ఉద్యోగం అయిపోయిందన్న దిగులనుకున్నాను, సినిమా చూసి రమ్మన్నాను. నూరేళ్ళ పైచిలుకు పారుతున్న కాలువలో నీళ్ళు ఎవరికీ అక్కర్లేకుండా సముద్రంలో కలవడం చూశాడని ఆ తర్వాతెప్పుడో అర్థమైంది. అప్పుడు పక్కన కూర్చుని ఉండాల్సింది.

పోయిన మేలో, కాలువ కట్టేసి నేల నెర్రెలు విచ్చిన రోజుల్లో వాడు వెళ్ళిపోయాడు. తూము దాకా మోసుకెళ్ళి ఒక్క నిమిషం దింపుదామని శివారువాళ్ళు అడిగారట. టైము లేదని ఎవరో అన్నారు. ఎవరన్నారో అడగను.

ఇప్పుడు చెయ్యాల్సింది ఇది. ఏప్రిల్ నెల మధ్యకల్లా మళ్ళీ కాలువ కట్టేస్తారు. ఆ లోపల, నీళ్ళుండగా, ఒక నాలుగు రోజులు సెలవు పెట్టుకుని రా. పిల్లల్ని తీసుకురా, పరీక్షలయ్యాక అనకు. ముందు అమ్మ దగ్గర రెండురోజులు. తర్వాత ఆటో మాట్లాడు, నేనూ వస్తాను, అంతదూరం నడవలేను. తూము దగ్గర ఆగుదాం. ఇప్పుడున్న లస్కరు కుర్రాడు మీ నాన్న దగ్గర పని నేర్చుకున్నవాడే, పిల్లల చేత తలుపు తిప్పించమంటే తిప్పిస్తాడు. అక్కణ్ణుంచి శివారుకి వెళదాం. ఆ తొమ్మిదిమంది ఇళ్ళూ నాకు తెలుసు. 80 దాటిన పెద్దాయన ఇల్లు కదలడం మానేశాడని విన్నాను, ముందు ఆయన దగ్గరకే. నువ్వేమీ అడగక్కర్లేదు. ఫలానావాడి కొడుకునని చెప్పి అరుగు మీద కూర్చో.

అట్ట మీదకి నువ్వు పంపిన రిటైర్మెంటు ఫొటో వద్దు. ఆ శాలువాలో ఊపిరాడనట్టున్నాడు. గుర్రపుడెక్క లాగుతూ, బురద చేతులతో, ఎవరో పిలిస్తే తలతిప్పి చూసిన ఫొటో ఒకటి నా దగ్గర ఉంది. కొంచెం మసకగా ఉంది, అయినా పళ్ళు కనిపిస్తున్నాయి. నువ్వొచ్చాక ఇస్తాను, పోస్టులో పంపను.

నీ రెండు పేజీలూ ఇందులోనే పెట్టాను. విశేషణాలన్నీ ఎర్రసిరాతో కొట్టేశాను, కోపం తెచ్చుకోకు. ఒకే ఒక్క వాక్యం ఉంచాను. ‘నాన్న ఇంటికి రాగానే ముందు దండెం మీద తువ్వాలు ఆరేసేవాడు’ అని రాశావే, అది. అక్కణ్ణుంచి మొదలుపెట్టు. అచ్చుకి ఇవ్వడానికి ఇంకా నెలన్నర ఉంది.

కోడలికీ పిల్లలకీ నా ఆశీస్సులు. బయల్దేరే రోజు ముందుగా ఫోను చెయ్యి.

ఇట్లు,
మీ అత్తయ్య